గడ్డి ముందు, గొడ్డు తర్వాత

(మండల రైతు శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



రోహిణి ఎండలో ఇంతమంది వచ్చారంటే విషయం అందరికీ అవసరమైనదే అని అర్థమవుతోంది. పోయిన నెల కమిటీ సమావేశంలో నాలుగు ఊళ్ల వాళ్లు ఒకటే మాట అడిగారు. "పత్తి మీద నమ్మకం పోయింది. ఇంటి దగ్గర రెండు బర్రెలో, నాలుగు జీవాలో పెట్టుకుందామనుకుంటున్నం. సంఘం ఏమంటది?" అని. ఆ మాటకు జవాబు చెప్పమని కమిటీ మాకు పని అప్పజెప్పింది.

మేము పశువుల డాక్టర్లం కాదు. మాది మూడెకరాల సంసారం. ఒక ఎకరం బోరు కింద, రెండెకరాలు చెలక. మాకు తెలిసింది చేసి తెలుసుకున్నదే, అందులో సగం చెడిపోయి తెలుసుకున్నది. కాబట్టి ముందు మేము చెడిపోయిన సంగతే చెబుతాం.

ఐదేళ్ల కింద మేము బ్యాంకు అప్పు తీసుకొని రెండు బర్రెలు కొన్నాం. మార్చి నెలలో, దూరపు అంగడిలో. పూటకు నాలుగు లీటర్లు, రోజుకు ఎనిమిది అని దళారి చెప్పాడు. పొదుగు చూస్తే నిజమే అనిపించింది. ఇంటికి తెచ్చాక రోజుకు ఐదు లీటర్లు దాటలేదు. అప్పటికి మా చేన్లో పచ్చిగడ్డి అనేదే లేదు. "ముందు బర్రెలు రానీ, గడ్డి చూసుకుందాంలే" అనుకున్నాం. వరిగడ్డి ట్రాక్టర్ల లెక్కన కొన్నాం. బోరు పక్కన పది గుంటల్లో జొన్న చల్లాం. మే నెలలో బోరు నీళ్లు తగ్గాయి, జొన్న మోకాలెత్తు రాకముందే వాడిపోయింది. ఒకనాడు మధ్యాహ్నం చిన్న బర్రె తలుగు తెంపుకొని ఆ జొన్నలో పడింది. నాము తగిలింది. డాక్టరుకు ఫోన్ చేశాం, ఆయన బయలుదేరాడు కూడా, కానీ ఆయన వచ్చేసరికి బర్రె పోయింది.

బీమా ఉంది కదా అనుకున్నాం. చెవికి వేసిన పోగు అంతకు ముందు నెలలోనే ఎక్కడో ఊడిపోయింది. మళ్లీ వేయించుకోవాలని మాకు తెలియదు, ఎవరూ చెప్పలేదు. బీమా రాలేదు. అప్పు మాత్రం రెండు బర్రెలకూ కట్టాం, ఉన్న ఒక్క బర్రె పాలతో. ఆ రెండేళ్లు మా ఇంట్లో పాలు తాగలేదంటే నమ్మండి. గ్లాసెడు కూడా మిగుల్చుకోకుండా కేంద్రానికే పోశాం.

ఇప్పుడు మా దగ్గర రెండు బర్రెలు, ఒక పడ్డ, నాలుగు మేకలు, పదిహేను కోళ్లు ఉన్నాయి. అప్పు లేదు. ఆ నష్టానికీ ఇప్పటి పరిస్థితికీ మధ్య మేము నేర్చుకున్నది ఒక్క మాటలో చెప్పాలంటే: గడ్డి ముందు, గొడ్డు తర్వాత. మిగిలిందంతా దాని వివరమే.

మొదటి లెక్క మేత

ఒక పాడి బర్రెకు రోజుకు 20 నుంచి 25 కిలోల పచ్చిమేత, 5, 6 కిలోల ఎండుమేత కావాలి. ఇరవై కిలోలే అనుకున్నా, ఏడాదికి ఏడు టన్నుల పైన పచ్చిగడ్డి. ఎండుగడ్డి రెండు టన్నులు. ఈ రెండు అంకెలు మీ ఇంటి గోడ మీద రాసుకోండి. ఎన్ని బర్రెలు కొనాలో బ్యాంకు మేనేజరు కాదు, ఈ అంకెలే చెప్పాలి.

మా అనుభవంలో బోరు కింద పది గుంటల్లో సూపర్ నేపియర్ వేసి, పేడ ఎరువు బాగా తోలి, నీళ్లు తప్పకుండా పెడితే రెండు బర్రెలకు ఎనిమిది నెలలు ఇబ్బంది లేకుండా సరిపోయింది. ఎండాకాలం నాలుగు నెలలు సరిపోలేదు. అందుకే ఒక్క నేపియర్‌ను నమ్ముకోవద్దు. గట్ల మీద అవిసె, సుబాబుల్ పెట్టుకోండి. చెలకలో కంది, జొన్న వేసినప్పుడు జొన్న చొప్ప చెడగొట్టుకోవద్దు. వరి కోసిన మడిలో పదును ఉండగానే పిల్లిపెసర, అలసంద చల్లితే పశువుకూ మేతే, భూమికీ బలమే.

వరిగడ్డి సంగతి ఒకటి చెప్పాలి. కోత మిషన్లు వచ్చినప్పటి నుంచి గడ్డి మడిలోనే చెల్లాచెదురై పోతోంది. ఏరేవాళ్లు లేరు. ఒక పక్క మనమే నిప్పు పెడుతున్నాం, ఇంకో పక్క మార్చి వచ్చేసరికి మనమే ట్రాక్టరు గడ్డి కొంటున్నాం. కట్టలు కట్టే మిషన్‌ను పది మంది కలిసి కిరాయికి పిలిస్తే, కట్టకు ఇంత అని పోయినా, ఎండాకాలం కొనే ధరలో సగం కూడా కాదు. ఈ వానాకాలం వరి కోతల నాటికి ఊరికొక జట్టు తయారు కావాలని మా సూచన.

వరిగడ్డిలో బలం తక్కువ. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా నీళ్లలో కరిగించి, పొరలు పొరలుగా చల్లి, గాలి చొరకుండా కప్పి 21 రోజులు మాగబెడితే మెత్తబడుతుంది, పోషకం పెరుగుతుంది. కొలత తప్పవద్దు. యూరియా నీళ్లు పశువు తాగేచోట పెట్టవద్దు, ప్రాణానికే ముప్పు. మొదటిసారి పశువైద్య సిబ్బందిని పక్కన పెట్టుకొని చేయండి. కప్పు తీసిన తర్వాత ఘాటు పోయేదాకా ఆరబెట్టి, కొంచెం కొంచెం అలవాటు చేయాలి.

ఇక నాము. లేత జొన్నలో, వాన లేక వాడిన జొన్నలో, కోసిన మోళ్ల నుంచి వచ్చిన పిలకల్లో విషం ఉంటుంది. పూత దశకు వచ్చిన తర్వాతే జొన్న కోసి వేయాలి. ఈ ముక్క మన తాతలకు తెలుసు. మాకూ చిన్నప్పుడు విన్నట్టే గుర్తు. కానీ మూడు వంతుల చేను పత్తి అయ్యాక జొన్న పోయింది, జొన్నతో పాటు ఆ జాగ్రత్త కూడా పోయింది.

రెండో లెక్క పని

ఇది మగవాళ్లకు వినడానికి కష్టంగా ఉంటుంది. బర్రెలు కొందామని నిర్ణయం చేసేది మనం. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి పేడ తీసేది, గడ్డి మోపు తెచ్చేది, కుడితి పెట్టేది, పాలు పిండేది ఎవరు? ఒక బర్రెకు రోజుకు 50, 60 లీటర్ల నీళ్లు, ఎండాకాలం ఇంకా ఎక్కువ. ఆ బిందెలు ఎవరి నడుము మీద వస్తాయి?

మా ఇంట్లో రెండోసారి బర్రె కొనే ముందు ఇంటావిడ మూడు షరతులు పెట్టింది. కొట్టం దగ్గరికి పైపు వేయాలి. గడ్డి కోసే మిషన్ కావాలి. పాల పైసలు తన ఖాతాలో పడాలి. మూడూ ఒప్పుకున్నాకే బర్రె వచ్చింది. ఇప్పుడు చెబుతున్నాం, ఆ మూడో షరతే మా పాడిని నిలబెట్టింది. పాల పైసలు మా చేతికి వచ్చినంత కాలం ఎరువుల దుకాణానికి పోయేవి. ఆమె చేతికి వచ్చాక దాణాకు ముందు పక్కన పెట్టడం మొదలైంది. ఇక్కడ కూర్చున్న అక్కచెల్లెళ్లు ఇంటికి పోయి ఇదే షరతు పెట్టండి.

మూడో లెక్క పాలు

బ్యాంకు కాగితం మీద, దళారి నోటి మీద లెక్క ఎప్పుడూ నిండు పాడిదే. రైతు లెక్క వేరు. ఆరు లీటర్ల బర్రె అనుకుందాం. పది నెలలు సగటున ఆరు లీటర్లు ఇస్తే 1,800 లీటర్లు. తర్వాత వట్టిపోయి మళ్లీ ఈనేదాకా మరో ఐదు నెలలు. ఆ ఐదు నెలలు కూడా అది తింటుంది. 1,800 లీటర్లను 450 రోజులకు పంచితే రోజుకు నాలుగు లీటర్లే. మీ అప్పు వాయిదా, దాణా ఖర్చు ఈ నాలుగు లీటర్లతో గిట్టుబాటు అయితేనే కొనండి. ఆరు లీటర్ల లెక్కతో కొంటే వట్టిపోయిన నెలలో బర్రెను అమ్ముకుంటారు, సగం ధరకు.

అందుకే రెండు బర్రెలు ఒకేసారి కొనవద్దు. ఒకటి కొని, ఐదారు నెలల తర్వాత రెండోది కొంటే, ఒకటి వట్టిపోయినప్పుడు ఇంకోటి పాలలో ఉంటుంది. ఇల్లు నడుస్తుంది. బర్రెకు కట్టు నుంచి ఈత దాకా పది నెలల పైన. ఎండాకాలం బర్రెల్లో మూగ ఎద ఉంటుంది, అరవదు, మనకు తెలియదు. చలికాలంలో బాగా కనిపిస్తుంది. ఉదయం, రాత్రి కొట్టంలో ఒక పది నిమిషాలు నిలబడి చూసే ఓపిక ఉండాలి. ఒక ఎద తప్పితే మూడు వారాలు పోయినట్టే, మూడు వారాల మేత వట్టిగా పోసినట్టే.

కొనేటప్పుడు రెండు జాగ్రత్తలు. అంగడికి తెచ్చే ముందు పూట పాలు పిండకుండా ఆపి, నిండు పొదుగు చూపించడం పాత మోసం. వీలైతే అంగడిలో కాదు, రైతు ఇంటి దగ్గర కొనండి. వరుసగా మూడు పూటలు మీ చేత్తో పిండి చూడండి. నాలుగు చన్నుల్లోనూ ధార చూడండి. రెండు, ఈసుకపోయే రోగం, అదే బ్రూసెల్లోసిస్, ఉందేమో రక్తపరీక్ష చేయించండి. అది మనుషులకూ అంటుతుంది. ఈసుకపోయిన పశువు మాయను వట్టి చేతులతో పట్టుకోవద్దు.

జీవాలు, కోళ్లు

బర్రె అందరికీ కాదు. బోరు లేని రైతు బర్రె జోలికి పోకపోవడమే మంచిది. చెలక మాత్రమే ఉన్నవాళ్లకు మూడు, నాలుగు మేకలు చాలు. మేక ఐదు నెలలకు ఈనుతుంది, తరచూ రెండు పిల్లలు పెడుతుంది, కంపకొమ్మతో కూడా కడుపు నింపుకుంటుంది. పిల్ల బడి ఫీజుకు మేకపోతు అమ్మితే వడ్డీ వ్యాపారి గడప తొక్కే పని ఉండదు. అయితే పక్కవాడి చేను మేస్తే సంఘం దగ్గరికే పంచాయితీ వస్తుంది, అది గుర్తుంచుకోండి.

గొర్లు గుంపుగా తిరిగే జీవం. నాలుగు గొర్లను కట్టేసి పెంచలేం. ఊళ్లో గొల్ల కురుమ అన్నల మందలో పాలుకు ఇవ్వడం మన పాత పద్ధతి. పిల్లల్లో సగం వారికి, సగం మనకు. వాళ్ల పని వాళ్లకు వచ్చు. ఏడాదికి నాలుగు రాత్రులు ఆ మంద మన చెలకలో పడుకుంటే ఎరువు ఖర్చు తగ్గుతుంది.

కోళ్లు పది ఉంటే ఇంట్లో పిల్లలకు గుడ్డు దొరుకుతుంది. నాటు కోడి సరే, రాజేంద్రనగర్‌లో తయారైన వనరాజా, గ్రామప్రియ, రాజశ్రీ లాంటి పెరటి జాతులు గుడ్లు ఎక్కువ పెడతాయి. కానీ కొక్కెర తెగులు వస్తే వారంలో గూడు ఖాళీ. టీకా ఖర్చు తక్కువ, కాకపోతే ఒక్క సీసా వంద కోళ్లకు వస్తుంది, తెరిస్తే దాచలేం. కాబట్టి వాడకట్టంతా ఒకేరోజు వేయించుకోవాలి. ఇది ఒక్కరి పని కాదు, జట్టు పని.

పేడ మాట మరిచిపోవద్దు. ఒక బర్రె రోజుకు 15 నుంచి 20 కిలోల పేడ వేస్తుంది. ఏడాదికి ఐదారు టన్నుల పైమాటే. మా చెలకలో నాలుగేళ్లుగా ఈ ఎరువు పడుతోంది. వాన పడ్డాక ఐదో రోజు కూడా అడుగున పదును దొరుకుతోంది. పక్క చేనులో మూడో రోజుకే ఆరిపోతోంది. పాలు అమ్మితే పైసలు ఒక నెల కనబడతాయి, పేడ చేనులో మూడేళ్లు కనబడుతుంది.

రోగం, బీమా, అప్పు

తొలకరికి ముందే గొంతువాపు, జబ్బవాపు టీకాలు. గొర్లకు, మేకలకు చిటుకు రోగం టీకా. గాలికుంటుకు ఏడాదికి రెండుసార్లు. నట్టల మందు వాన ముందు ఒకసారి, వాన తర్వాత ఒకసారి. ఇవన్నీ పశువైద్యశాలలో వేస్తారు. వాళ్లు రావడం లేదని మనం అంటాం. ఊరంతా ఒకచోట పశువులను తోలి, ముందే తేదీ చెప్పి పిలిస్తే వస్తారు. పశువుకు ఆపద వస్తే 1962 నంబరుకు ఫోన్ చేయండి, వాహనం ఇంటి దాకా వస్తుంది. ఆ నంబరు ఈరోజే ఫోన్లలో ఎక్కించుకోండి.

బీమా చేయిస్తే చెవిపోగును పశువు ప్రాణంలాగా చూసుకోవాలి. ఊడిపోతే ఆ రోజే బీమావాళ్లకు, డాక్టరుకు చెప్పి కొత్తది వేయించి, కాగితం మీద నంబరు మార్పించుకోవాలి. మాకు జరిగింది మీకు జరగవద్దు.

అప్పు విషయం. కిసాన్ క్రెడిట్ కార్డు 2018–19 బడ్జెట్ తర్వాత పాడికి, జీవాలకు, కోళ్లకు కూడా వర్తిస్తోంది. ఇది దాణా, మందులు, కరెంటు లాంటి నిర్వహణ ఖర్చులకు. రెండు లక్షల దాకా ఏడు శాతం వడ్డీ, సమయానికి కడితే మూడు శాతం తగ్గింపు, అంటే నాలుగు శాతమే పడుతుంది. 2025 జనవరి 1 నుంచి రెండు లక్షల దాకా వ్యవసాయ అప్పుకు తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది. పట్టా పుస్తకం దగ్గర పెట్టి పొమ్మంటే సంఘానికి చెప్పండి, అందరం కలిసి పోదాం.

సర్కారును అడగాల్సినవి

ఇప్పటి దాకా మన జాగ్రత్తలు చెప్పుకున్నాం. అన్నీ మన చేతిలో లేవు.

కేంద్రం 2021లో జాతీయ పశుధన మిషన్‌ను మార్చింది. గొర్రెలు, మేకల యూనిట్‌కు 50 శాతం సబ్సిడీ. వినడానికి బాగుంది. కానీ కనీసం 100 గొర్రెలు, 5 పొట్టేళ్లు ఉండాలి. 500 గొర్రెల యూనిట్ పెట్టేవాడికి 50 లక్షల దాకా సబ్సిడీ. నాలుగు మేకలు పెట్టుకునే మనకు ఆ పథకంలో గడప కూడా లేదు. పశువులను పోషిస్తున్నది చిన్న రైతులు, కూలీలు. సబ్సిడీ మాత్రం షెడ్డు యజమానికి. రెండు బర్రెలకు, ఐదు మేకలకు కూడా అదే శాతం సబ్సిడీ ఇవ్వాలని అడగాలి.

2019 పశుగణనలో మన తెలంగాణ గొర్రెల్లో దేశంలోనే మొదటి స్థానం, కోటి 90 లక్షలు. 2017లో సర్కారు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున 75 శాతం సబ్సిడీతో పంపిణీ మొదలుపెట్టింది. మందలైతే ఇచ్చారు. అవి ఎక్కడ మేయాలన్నది ఎవరూ చెప్పలేదు. మన ఊళ్లల్లో గైరాన్, బంచరాయి భూములు ఉండేవి. ఎంత ఉండేదో ముసలివాళ్లకు తెలుసు. ఇప్పుడు ఎంత మిగిలిందో మనమే కొలవాలి. 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించి గ్రామానికి అప్పగించాలని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. ఆ తీర్పును చేతిలో పట్టుకొని తహశీల్దారు దగ్గరికి పోవాలి. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాం. ఆ భూమిలో గుడిసె వేసుకున్న పేదవాడి మీదికి పోవద్దు. పదుల ఎకరాలు కంచె వేసుకున్నవాళ్ల మీదికి పోదాం.

మూడోది ముసలి పశువు. 2017 మేలో కేంద్రం అంగళ్లలో కోతకు పశువులను అమ్మకూడదని నిబంధనలు తెచ్చింది. జూలైలో సుప్రీంకోర్టు వాటి అమలు ఆపింది. అయినా కొనేవాడికి దారిలో భయం పోలేదు. ఆ భయం ఖరీదు మన పశువు ధరలో కోతగా పడుతోంది. ఎద్దు ముసలిదైతే అమ్మి కొంత కలిపి కోడెను కొనడం మన లెక్క. ఆ లెక్క తెగిపోతే పశువును పెట్టుకునే ధైర్యమే పోతుంది. పశువును సాకేవాడికి దాన్ని అమ్ముకునే హక్కు కూడా ఉండాలి.

ఇప్పుడు ఏం చేయాలి

మృగశిర కార్తెకు ఇంకా కొద్దిరోజులే ఉంది. ఈ తరగతి నుంచి పోయేటప్పుడు ఎవరూ బర్రె కొంటానని మాట ఇవ్వవద్దు. తొలి వానకు ఎన్ని గుంటల్లో మేత వేస్తారో, ఆ మాట ఇవ్వండి. నేపియర్ కణుపులు మా చేన్లో ఉన్నాయి, వంద మందికి సరిపోతాయి. డబ్బులు వద్దు. వచ్చే ఏడాది మీరు ఇంకొకరికి ఇవ్వాలి, అదే దాని ధర.

గడ్డి ఎదిగి, దసరా నాటికి రెండు కోతలు అయ్యాక, మేత మిగిలిందని మీ ఇంటావిడ చెబితే అప్పుడు పశువు సంగతి మాట్లాడుకుందాం. ఎవరికి ఎన్ని సరిపోతాయో, ఎక్కడ కొనాలో జట్టుగా కూర్చుని తేల్చుకుందాం. కొనడానికి పోయేటప్పుడు సంఘం నుంచి ఇద్దరం వెంట వస్తాం, మూడు పూటలు పిండేదాకా అక్కడే ఉంటాం.

ఊరికొకరు గైరాన్ సర్వే నంబర్లు రాసుకొని వచ్చే నెల సమావేశానికి తీసుకురండి. పాత పహాణీలు ఉన్నవాళ్లు వాటిని భద్రంగా ఉంచండి, అవే మన ఆధారం.

చివరగా ఒక మాట. మా చిన్న బర్రె పోయిన నాడు ఇంటి ముందు పది మంది చేరి "మీ కర్మ" అన్నారు. కర్మ కాదు. మేత లేదు, తెలివిడి లేదు, చెవికి పోగు లేదు, చెప్పేవాడు లేడు. ఈ నాలుగూ మనుషులం సరిచేసుకోగలిగినవే. ఇంకో ఇంటి ముందు ఆ పది మంది చేరి ఆ మాట అనే అవసరం రాకూడదు. అందుకే ఈ తరగతి పెట్టుకున్నాం.

 ప్రశ్నలు ఉంటే అడగండి, అక్కలు ముందు అడగండి.